ఖాళీ కుర్చీ ఎవరిది?

మనిషి బొమ్మ గీయకుండానే మనిషిని చూపించవచ్చు. ఒక కుర్చీ గీస్తే చాలు. కూర్చున్నవాడు లేచి వెళ్ళిపోయాడని కుర్చీయే చెప్తుంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు, గోడకు తగిలించిన చొక్కా, వెలిగించని లాంతరు, బోర్లించిన గిన్నె - ఇవన్నీ లేని మనిషి గురించే మాట్లాడతాయి. బొమ్మలు చూసే అలవాటున్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. 'నిశ్శబ్దం', 'శూన్యం', 'కాలం' అంటూ కళా విమర్శకులు దీని మీద చాలా పేజీలు రాశారు.

మా ప్రశ్న ఆ పేజీల్లో సాధారణంగా కనిపించదు. లేని మనిషి ఎవరు? తనంతట తాను వెళ్ళాడా, వెళ్ళగొట్టారా? ఆ ఖాళీని గీస్తున్నది ఇంటివాళ్ళా, బయటివాళ్ళా? ముస్లింలుగా మేము ఈ ప్రశ్నల్ని పక్కన పెట్టి ఏ ఖాళీ గదినీ చూడలేం. చూడమని అడగటం న్యాయం కూడా కాదు.

ఈ దారిలో అందరికీ తెలిసిన బొమ్మతోనే మొదలుపెడదాం. 1888 చివర్లో ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నంలో వాన్ గో రెండు కుర్చీలు గీశాడు. ఒకటి తనది. గడ్డి అల్లిన మామూలు చెక్క కుర్చీ. దాని మీద పొగాకు పైపు, పొగాకు సంచి. కింద ఎర్ర పెంకుల నేల. రెండోది తన ఇంట్లో ఉంటున్న మిత్రుడు గోగాన్‌ది. చేతులున్న కుర్చీ. దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు నవలలు. ఒకటి పగలు, ఇంకొకటి రాత్రి. రెంటిలోనూ మనుషులు లేరు. ఖాళీ కుర్చీని మనిషి మరణానికి గుర్తుగా గీయటం వాన్ గోకి ముందే తెలుసు. 1870 జూన్ 9న డికెన్స్ చనిపోయాక ల్యూక్ ఫిల్డ్స్ అనే చిత్రకారుడు ఆయన రాత గదిలోని ఖాళీ కుర్చీని గీశాడు. ఆ బొమ్మ ముద్రణ ప్రతి వాన్ గోని బాగా కదిలించింది.

అయితే ఫిల్డ్స్ గీసింది చనిపోయిన మనిషి కుర్చీని. వాన్ గో ఆ కుర్చీలు మొదలుపెట్టేనాటికి గోగాన్ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఉన్న మనిషిని లేనట్టు గీశాడు వాన్ గో. వెళ్ళిపోతాడేమోనన్న భయం అది. డిసెంబరు చివర్లో గోగాన్ నిజంగానే వెళ్ళిపోయాడు. ఉన్న మనిషిని లేనట్టు చూడటం అనే మాట దగ్గర మేము ఆగిపోతాం. ఎందుకంటే అది మాకు బాగా అనుభవమైన సంగతి. వాన్ గో ప్రేమతో, భయంతో అలా చూశాడు. మమ్మల్ని అలా చూసేవాళ్ళలో కొందరికి భయం లేదు, ప్రేమా లేదు. మేము లేకపోతే బాగుండునన్న కోరిక మాత్రం ఉంది. ఖాళీ కుర్చీ బొమ్మ పైకి ఒకేలా ఉంటుంది. వెనక ఉన్న మనసు వేరు.

ఖాళీ వస్తువులోకి ఎవరిని పంపాలన్నది చూసేవాడి చేతిలో ఉంటుందనటానికి వాన్ గో బొమ్మే ఇంకో సాక్ష్యం. 1886లో ఆయన పారిస్‌లో ఒక జత పాత బూట్లు గీశాడు. అరిగిపోయిన, తాళ్ళు ఊడిన బూట్లు. జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ 1930లలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ బూట్లలోకి ఒక రైతు స్త్రీని పంపాడు. ఆమె అడుగుల బరువు, చేను, మట్టి, పంట అంటూ గొప్పగా వర్ణించాడు. 1968లో అమెరికన్ కళా చరిత్రకారుడు మేయర్ షపీరో దాన్ని ఖండించాడు. అవి రైతు స్త్రీవి కావు, పట్నంలో బతుకుతున్న చిత్రకారుడి సొంత బూట్లు అన్నాడు. హైడెగ్గర్ 1933లో నాజీ పార్టీలో చేరినవాడు. నేల, మట్టి, జాతి మూలాలు అంటూ ఊగిపోయిన కాలం అది. షపీరో చిన్నతనంలో లిథువేనియా నుంచి న్యూయార్క్‌కి వలస వెళ్ళిన యూదు కుటుంబం పిల్లవాడు. ఒక జత బూట్ల మీద ఇంత గొడవ ఎందుకని నవ్వుకోవచ్చు. మాకు మాత్రం ఆ గొడవ ఎందుకో వెంటనే అర్థమవుతుంది. 'మట్టి మనుషుల' జాబితాలో ఎవరుంటారు, ఎవరుండరు అన్న గొడవ అది. బూట్లు నోరు తెరిచి చెప్పలేవు. ఎవరి గొంతు గట్టిదైతే వాళ్ళ మనిషే అందులో కాళ్ళు పెడతాడు.

ఇక మన దేశానికి వద్దాం. మక్బూల్ ఫిదా హుసేన్ పేరు వినగానే గుర్రాలు గుర్తుకొస్తాయి. మేము ఆయన గుర్రాల గురించి మాట్లాడబోవటం లేదు. ఆయన బొమ్మల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మూడు మామూలు వస్తువులు ఉన్నాయి. గొడుగు, లాంతరు, చెప్పులు. 1967లో ఫిలిమ్స్ డివిజన్ కోసం రాజస్థాన్‌లో ఆయన ఒక చిన్న సినిమా తీశారు. అందులో మాటలు లేవు. ఆ ఊళ్ళ మధ్య, ఆ ఇసుకలో, గోడల పక్కన ఈ గొడుగు, లాంతరు, చెప్పు కనిపిస్తూ ఉంటాయి. ఆ సంవత్సరం బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి లఘుచిత్రాల విభాగంలో గోల్డెన్ బేర్ వచ్చింది. ఆ వస్తువులు తన చిన్ననాటివని, తాతతో గడిపిన రోజులవని హుసేన్ చెప్పుకున్నారు. తాత పోయాడు, లాంతరు మిగిలింది. అది నవాబుల ఇంటి షాండ్లియర్ కాదు, పేదవాడి కందిల్. ఈ తేడా మాకు ముఖ్యం.

హుసేన్ పసితనంలోనే తల్లి చనిపోయింది. ఆమె ముఖం తనకు గుర్తులేదని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. మదర్ థెరెసా బొమ్మలు గీసినప్పుడు ఆమెకు ముఖం పెట్టలేదు. నీలం అంచు తెల్లచీర, దాని మడతలు, ఒడిలో పసివాడు. చీర లోపల చీకటి. కట్టుకున్న మనిషి లేదు, కట్టు ఉంది. బొమ్మల్లో మనుషుల్ని గీయటం మతం ఒప్పుకోదు కాబట్టి ముస్లిం చిత్రకారులు వస్తువుల్ని ఆశ్రయిస్తారని ఒక తేలిక వ్యాఖ్యానం ఉంది. హుసేన్ జీవితమంతా మనుషుల్నే గీశారు. దేవతల్ని గీశారు, రైతుల్ని గీశారు, సినిమా తారల్ని గీశారు. రామ్‌మనోహర్ లోహియా సూచన మీద, బద్రివిశాల్ పిత్తి ఆదరణలో, హైదరాబాద్‌లోనే ఉండి రామాయణం మీద పదుల సంఖ్యలో కాన్వాసులు గీశారు. తల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖం గీయలేకపోయారు. దానికి ఫత్వాతో పని లేదు. గుర్తులేని ముఖాన్ని కల్పించి గీయటం అబద్ధమవుతుందని ఆ చెయ్యికి తెలుసు.

తర్వాత ఆయన జీవితంలో జరిగింది చూడండి. 1976లో గీసిన సరస్వతి బొమ్మని 1996లో బయటికి తీసి గొడవ మొదలుపెట్టారు. 1998 మే నెలలో ముంబైలోని ఆయన ఇంటి మీద దాడి జరిగింది. 2006లో దేశం విడిచి వెళ్ళారు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అదే సంవత్సరం ఆగస్టులో ఢిల్లీలో జరిగిన ఇండియా ఆర్ట్ సమ్మిట్‌లో దాడుల భయంతో ఆయన బొమ్మ ఒక్కటి కూడా పెట్టలేదు. కోర్టు ఒప్పుకుంది, గోడలు ఒప్పుకోలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు. 2011 జూన్ 9న లండన్‌లో చనిపోయారు, అక్కడే మట్టిలో కలిశారు. జీవితమంతా లేని మనుషుల వస్తువులు గీసినవాడు చివరికి తనే తన దేశంలో లేని మనిషయ్యాడు. గొడుగు, లాంతరు ఇక్కడ మిగిలాయి.

ఇక్కడ మా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. 2004లో హుసేన్ 'మీనాక్షి' సినిమా తీశారు. అందులో ఒక నగరం హైదరాబాదే. ఒక పాటలో ఖురాన్ పదాలు వాడారని కొన్ని ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఆయన సినిమాని థియేటర్ల నుంచి వెనక్కి తీసుకున్నారు. అటువాళ్ళు చేసినంత పని మనవాళ్ళు చేయలేదు అని తప్పించుకోవచ్చు. కానీ ఒక కళాకారుణ్ణి ఖాళీ చేయించటంలో మా చెయ్యి కూడా ఒక చోట పడిందన్నది నిజం. అది ఒప్పుకోకుండా ఖాళీ కుర్చీ గురించి మేము మాట్లాడితే ఎవరూ నమ్మక్కర్లేదు.

రుమానా హుసేన్ గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ. 1952లో బెంగుళూరులో పుట్టారు, ముంబైలో పనిచేశారు, 1999లో కేన్సర్‌తో చనిపోయారు. మొదట ఆయిల్ రంగులతో మనుషుల బొమ్మలే గీశారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ డిసెంబర్‌లో, 1993 జనవరిలో ముంబై తగలబడింది. ఆ తర్వాత రుమానాకి కాన్వాసు చాలలేదు. కుండని గీయటం వదిలి కుండనే తెచ్చి పెట్టారు. సగానికి పగిలిన మట్టి కుండలు, వాటి పక్కన అద్దాలు. సగం కుండని బోర్లిస్తే గుమ్మటమవుతుంది. అదే కుండ ఆడదాని కడుపూ అవుతుంది. నీళ్ళు మోసేదీ, అన్నం వండేదీ ఆ కుండే. మసీదు పగిలిందని వార్తల్లో చూశాం. వంటింట్లో ఏం పగిలిందో రుమానా చూపించారు.

ఇది మాకు పెద్ద పాఠం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తర్వాత, 1992 తర్వాత మరీ ఎక్కువగా, తెలుగులో ముస్లింల గొంతు గట్టిగా వినపడింది. ఆ గొంతు మొదట్లో ఎక్కువగా వీధిలో నిలబడి మాట్లాడింది. దేశభక్తి నిరూపించుకోమన్నవాళ్ళకి జవాబు చెప్పింది. అది అవసరమే. కానీ కర్ఫ్యూ రోజున పొయ్యి మీద ఎక్కని గిన్నె, పాలు లేక ఏడ్చే పిల్ల, తలుపుకి లోపల వేసిన గొళ్ళెం - ఇవి మా ఆడవాళ్ళు కలం పట్టాకే బయటికి వచ్చాయి. 1995లో రుమానా ముంబైలో ఒక ప్రదర్శన చేశారు. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, సగానికి కోసిన బొప్పాయి పట్టుకుని, నోరు తెరిచి, గొంతులోంచి శబ్దం రాకుండా నడిచారు. అరుపు ఉంది, వినపడదు. ఆ నోరూ పగిలిన కుండ లాంటిదే. చనిపోయే సంవత్సరంలో చేసిన 'స్వస్థత కోసం ఒక చోటు'లో ఆస్పత్రి, దర్గా రెండూ కలిసిపోయినట్టుంటాయి. గోడకు వరసగా బిగించిన ఇనప సామాను దూరం నుంచి చూస్తే ఉర్దూ అక్షరాల్లా కనపడుతుంది. పనిముట్లే లిపి అయ్యాయి. మంచం మీద రోగి లేరు. ఆ రోగి ఎవరో మనకు తెలుసు.

జరీనా హాష్మీది ఇంకో దారి. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. 1959లో కుటుంబం కరాచీ వెళ్ళిపోయింది. ఆమె దేశదేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు, 2020లో లండన్‌లో చనిపోయారు. ఆమె చేసినవి చెక్క మీద చెక్కి అచ్చు తీసిన నల్లని బొమ్మలు. వాటిలో మనిషి ఉండడు, గిన్నె కూడా ఉండదు. అలీగఢ్ ఇంటి నేల పటం ఉంటుంది. గోడ గీత, గుమ్మం గీత, వాకిలి గీత. 1999లో చేసిన 36 బొమ్మల వరసలో ఒక్కో బొమ్మ కింద ఒక్కో ఉర్దూ మాట. 2004లో అక్క రాణీ ఉత్తరాలతో ఒక వరస చేశారు. అమ్మానాన్నల మరణం గురించి, ఇల్లు అమ్మటం గురించి రాసుకుని పోస్టు చేయని ఉత్తరాలవి. ఆ చేతిరాత మీద ఇంటి పటం, ఊరి పటం అచ్చు వేశారు.

జరీనా గీతల్ని పడమటి దేశాల విమర్శకులు మినిమలిజం అన్నారు. అంటే తక్కువలో చెప్పటం. మాకు అలా అనిపించదు. ఆ ఉర్దూ అక్షరాలు చెరిపేస్తే ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు. అక్షరాలు ఉన్నాయి గనకే అది అలీగఢ్‌లో ఒక ముస్లిం ప్రొఫెసర్ ఇల్లయింది. ఇటలీలో మొరాండి దశాబ్దాల పాటు అవే సీసాలు, అవే కూజాలు గీశాడు. అవి ఎవరి కోసమూ ఎదురుచూడవు. వెలుతురు కోసం ఉన్నాయి. అది ఒక రకం గొప్పతనం. కానీ జరీనా ఇంటినీ మొరాండి సీసాల్నీ ఒకే 'మౌనం' అనే సంచిలో వేయటం మా మీద జరిగే చిన్న అన్యాయాల్లో ఒకటి. సార్వజనీనత అనే మంచి మాట చాలాసార్లు మా పేరు తుడిచే గుడ్డగా వాడబడింది.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. తెలుగు సినిమా, క్యాలెండరు, పత్రిక బొమ్మలు ముస్లింల వస్తువుల్ని బాగానే వాడుకున్నాయి. హుక్కా, పాన్‌దాన్, అత్తరు సీసా, గులాబీ, చార్మినార్, బిర్యానీ హండా. వస్తువులన్నీ ఉన్నాయి, మనిషి లేడు. ఉంటే నవాబు, లేదా కత్తి పట్టినవాడు, లేదా హీరో కోసం చచ్చిపోయే మంచి సాయిబు. మా ఇళ్ళల్లో ఎన్నిట్లో పాన్‌దాన్ ఉంది? దూదేకులవాళ్ళ ఇంట్లో దూది ఏకే విల్లు ఉంటుంది. ఖురేషీల ఇంట్లో కత్తి, మొద్దు ఉంటాయి. ఫకీరు ఇంట్లో జోలె ఉంటుంది. గల్ఫ్ వెళ్ళినవాడి ఇంట్లో తాళ్ళు కట్టిన పెద్ద సూట్‌కేసు, గోడ మీద ఫొటో, ఒకప్పుడు గొంతు పంపుకున్న క్యాసెట్లు ఉంటాయి. ఇవి బొమ్మల్లోకి ఎందుకు రావు?

తోట వైకుంఠం బొమ్మలు మాకూ ఇష్టమే. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, తన తల్లిని, తన ఊరి ఆడవాళ్ళని ఆయన గీశారు. తను చూసిందే గీశారు, అందులో ఆయన తప్పేం లేదు. కానీ ఆ పెద్ద బొట్టు, ఆ ఎర్రచీర తెలంగాణ మొత్తానికి ముద్రగా మారినప్పుడు మేము ఒక ప్రశ్న అడగాలి. బొట్టు లేని నుదురు ఆ ఊళ్ళో ఎక్కడ ఉంది? పీర్ల పండగనాడు ఊరంతా కలిసి ఎత్తిన పీర్లు ఎవరి చావిడిలో ఉన్నాయి? నిండుగా ఉన్న బొమ్మలో కూడా లేనివాళ్ళు ఉంటారు. ఖాళీ కుర్చీ అయితే కనీసం లేరని చెప్తుంది. నిండు బొమ్మ అది కూడా చెప్పదు.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం మీద పోలీస్ చర్య తర్వాత పల్లెల్లో ఎన్ని ఇళ్ళు అలా మిగిలాయో ఆలోచించండి. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నివేదికలో అంకె ఉంటుంది. బావి గిలక, ఉట్టి, తలుపు వెనక బుర్ఖా ఉండవు. అవి గీయాల్సింది చిత్రకారులు, రాయాల్సింది మేము. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. చనిపోయినవాళ్ళు ముస్లింలు. పట్టుకెళ్ళిందీ ముస్లిం కుర్రాళ్ళనే. తర్వాత కోర్టులు వాళ్ళని నిర్దోషులన్నాయి. ఆ నెలల్లో ఆ ఇళ్ళల్లో ఖాళీ మంచాలున్నాయి. అలాంటి ఇంట్లో ఉర్దూ పుస్తకం, పాత ఫోను దొరికితే పోలీసు పంచనామాలో అవి సాక్ష్యాలవుతాయి. అదే ఇంట్లో అమ్మీకి అవి కొడుకు. మళ్ళీ ఆ బూట్ల గొడవే ఇది. వస్తువు ఒకటే. దాన్ని చదివేది ఎవరన్నదే ప్రశ్న.

మా రచయితలకి కూడా ఒక మాట. ఇటీవల మా రాతల్లో నానీ సందూక్, దాదీ సరోతా, కళాయి పోయిన రాగి గిన్నెలు చాలా వస్తున్నాయి. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. ఆ గిన్నెని యాభై ఏళ్ళు తోమిన చెయ్యి గురించి ఎంత రాశాం? సందూక్ తాళం ఎవరి దగ్గర ఉండేది? ఆ ఇంట్లో ఆమె పేరు మీద ఏముంది? ఆడవాళ్ళు బతికి ఉండగానే వాళ్ళని వస్తువుల వెనక దాచేసి, పోయాక వస్తువుల్ని తడుముకోవటం కూడా ఒక రకం ఖాళీ చేయటమే. రుమానా కుండని పగలగొట్టి చూపించింది అందుకే.

కాబట్టి ఖాళీ గదులు గీయొద్దని మేము అనటం లేదు. గీయాలి. కానీ ఆ గదిలో ఉండాల్సిన మనిషి పేరు చూసేవాడికి అందాలి. హుసేన్ లాంతరు లాగా, రుమానా కుండ లాగా, జరీనా ఉర్దూ మాట లాగా. పేరు అందని ఖాళీ అందంగా ఉంటుంది. అమ్మకానికి కూడా బాగుంటుంది. కానీ అది మమ్మల్ని లేకుండా చేయాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

మేము ఇంకా ఇక్కడే ఉన్నాం. దూదేకే విల్లుని మ్యూజియం గోడకి తగిలించే ముందు ఆ ఇంటి తలుపు ఒకసారి తట్టండి. లోపల మనిషి ఉంటాడు. ఇప్పుడు దూది ఏకటం లేదు, ఆటో నడుపుతున్నాడు. కూర్చోమని కుర్చీ వేస్తాడు. ఆ కుర్చీ గీయండి.